సగం లేని చక్రం

హ్యాండిల్ తిప్పాలి, పిన్ను చిల్లులో పడ్డ చప్పుడు వినాలి, బల్లను ముందుకు నడపాలి, కట్టర్ పోత ఇనుములోకి దిగి నల్లటి పొడి రాలుస్తుంటే చూడాలి, బల్లను వెనక్కి తేవాలి, మళ్ళీ హ్యాండిల్. ఇంతకంటే ఏముంది ఇందులో, అనుకుంది ఆమె, పాలు పొంగకుండా చూసుకున్నంత పని, చేతికి అలవాటు పడ్డాక మనసు దాని దారిన అది ఊరు తిరిగి రావచ్చు. ఆదివారం మధ్యాహ్నం. షాపులో మిగతా మిషన్లన్నీ గుడ్డలు కప్పుకుని పడుకున్నాయి, ఈ మిల్లింగ్ మిషన్ ఒక్కటే గుర్రుమంటోంది, పైకప్పు రేకుల సందులోంచి పడిన ఎండ ముక్క ఇందాక వైస్ మీద ఉండేది, ఇప్పుడు నేల మీదికి దిగి ఆమె చెప్పుల వైపు వస్తోంది. చక్రానికి నూట ఇరవై ఏడు పళ్ళు రావాలి. ఒకటి తగ్గకూడదు, ఒకటి పెరగకూడదు. అంగుళాల లెక్కన పుట్టిన పెద్ద లేత్ చేత మిల్లీమీటర్ల మర చుట్లు కోయించాలంటే మధ్యలో ఈ చక్రమే దుబాసీ. అంగుళానికి ఇరవై ఐదు పాయింట్ నాలుగు మిల్లీమీటర్లు, ఐదు అంగుళాలకు సరిగ్గా నూట ఇరవై ఏడు, ఎటు తిప్పి రాసినా ఆ సంఖ్య గుమ్మంలో నిలబడ్డ చుట్టంలా కదలదు, దాన్ని ఏ చిన్న సంఖ్యా భాగించలేదు కాబట్టి అన్ని పళ్ళూ ఉన్న చక్రం ఉండాల్సిందే. మామగారు కోసిన పాత చక్రం నెల కిందట ఆమె చేతిలో విరిగింది. అప్పటినుంచీ పెద్ద లేత్ మూగదైపోయింది. భర్త నలుగురినీ విచారించి, ఆ మోడల్‌కి ఇప్పుడెవరూ చక్రాలు చెయ్యడం లేదని తెలుసుకుని వచ్చి, లేత్‌ని తూకానికి అమ్మేద్దామన్నాడు. నేను కోస్తాను అంది ఆమె. నీవల్ల అవుతుందా అని అతను అడగలేదు, అడిగి ఉంటే గట్టిగా సమాధానం చెప్పి ఉండేది. పోత పోసేవాడి దగ్గర ఈ కొలతకు మిగిలిన ఇనుప బిళ్ళ ఇదొక్కటే. ఇది పాడైతే లేత్ పోతుంది, తను కూడా షాపు వదిలేసి మళ్ళీ ట్యూషన్లు చెప్పుకుంటుంది. అలా అని ఎవరూ అనలేదు, తనకు తనే మాట ఇచ్చుకుంది. భయపడి ఇచ్చుకున్న మాట కాదు. పాడవదు.

హ్యాండిల్. చిల్లు. బల్ల. నూట ఇరవై ఏడుతో తన పరిచయం ఈనాటిది కాదు. నాన్నకు కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం ఉండేది, మీటింగులకీ పెళ్ళిళ్ళకీ వ్యాన్‌లో వేసుకెళ్ళి వరసలు వేసి వచ్చేవాడు, సెలవుల్లో తను వెంట వెళ్ళేది. మొదట్లో నూట ఇరవై ఎనిమిది కుర్చీలు. ఆ సంఖ్య ఎంత మంచిదంటే ఏ హాలుకి తీసుకెళ్ళినా సర్దుకుపోయేది, ఎనిమిది వరసలు కావాలా, పదహారు కావాలా, ఇటు సగం అటు సగం వేసి మధ్యలో దారి వదలాలా, ఆ సగంలో మళ్ళీ సగమా, అన్నింటికీ సరే అనేది, సగం చేసుకుంటూ పోతే ఏడో సగానికి ఒక్క కుర్చీ మిగిలేది. ఒకరోజు ఒక లావుపాటి ఉపన్యాసకుడు కూర్చోగానే ఒకటి విరిగింది. అంతే, ఆ సాయంత్రం నుంచీ కుర్చీలు చెప్పిన మాట వినడం మానేశాయి. రెండేసి వరసల్లో వేస్తే ఒకటి మిగులుతుంది, మూడేసి వేస్తే ఒకటి మిగులుతుంది, ఐదేసి వేస్తే రెండు, ఏడేసి వేస్తే ఒకటి, పదకొండేసి వేస్తే ఆరు. మరి పదమూడేసి, అంది తను, తొమ్మిదేళ్ళ పిల్ల. నాన్న నడుం పట్టుకుని నిలబడి, ఇంక అక్కర్లేదమ్మా, పదకొండు దాకా లొంగనిది ఆపైన లొంగదు, పదమూడు పదమూళ్ళు ఈ హాలే దాటిపోతాయి అన్నాడు. నాన్న బడికి పెద్దగా వెళ్ళలేదు గానీ కుర్చీలు ఆయనకు చెప్పేశాయి. ఒక్కటి తగ్గినంతమాత్రాన అంత మెత్తని సంఖ్య ఇంత మొండిది ఎలా అయిందని తను ఆ రాత్రంతా ఆశ్చర్యపోయింది. ఇప్పటికీ ఆ ఆశ్చర్యం పూర్తిగా తీరలేదు. పక్కపక్కనే ఉన్న ఇళ్ళు, గోడ ఒక్కటే, ఒకరేమో పిలిచిన ప్రతివాళ్ళతో వెళ్ళిపోతారు, ఇంకొకరిది ఒంటెద్దు పోకడ.

పిన్ను సరిగ్గా పడింది, చప్పుడులోనే తెలుస్తుంది. డివైడింగ్ హెడ్ అనే ఈ పెట్టెలో హ్యాండిల్ నలభై చుట్లు తిరిగితే బిళ్ళ ఒక్క చుట్టు తిరుగుతుంది, నూట ఇరవై పళ్ళు కావాలంటే చుట్టులో మూడో వంతు చొప్పున తిప్పుకుంటూ పోవడమే, కళ్ళు మూసుకుని చెయ్యొచ్చు. నూట ఇరవై ఏడుకు అలాంటి వంతు పిన్ను దిగే ఏ చిల్లుల పళ్ళెం మీదా దొరకదు. దానికో ఉపాయం ఉంది. నూట ఇరవైకి తిప్పినట్టే తిప్పాలి, కానీ తిప్పినప్పుడల్లా ఆ చిల్లుల పళ్ళెమే పక్కనున్న గేర్ల వల్ల రవ్వంత వెనక్కి జరగాలి, మనం అడుగు వేస్తుంటే కింద చాప వెనక్కి జరిగినట్టు, అప్పుడు ప్రతి అడుగూ కాస్త పొట్టిదై చుట్టులో ఏడు అడుగులు ఎక్కువ పడతాయి. మొన్న చెక్క బిళ్ళ మీద గీతలు గీసి చూస్తే నూట పదమూడు వచ్చాయి. రెండుసార్లు లెక్కపెట్టింది. భర్త కూడా లెక్కపెట్టి, పద్నాలుగు పళ్ళు ఎవరు మింగేశారు అన్నాడు. ఆమెకు నవ్వు వచ్చింది, భయం రాలేదు, ఎందుకంటే తప్పు కూడా అంత చక్కగా వచ్చినప్పుడు అది ఎక్కడ జరిగిందో అదే చెబుతుంది. పక్క గేర్ల మధ్య ఒక గేరు పెట్టడం మరిచిపోయింది, దాంతో పళ్ళెం వెనక్కి జరగాల్సింది ముందుకు జరిగింది, ఏడు ఎక్కువ రావాల్సిన చోట ఏడు తక్కువ వచ్చాయి. అయితే నూట పదమూడు కూడా దేనికీ లొంగని సంఖ్యే. ఈ మొండి సంఖ్యకీ ఆ మొండి సంఖ్యకీ మధ్య పదమూడు సంఖ్యలున్నాయి, ఒక్కొక్కటీ ఏదో ఒకదానికి లొంగేదే, రెండుకో మూడుకో ఐదుకో ఏడుకో పదకొండుకో, ఒకటి నుంచి లెక్కపెడుతూ వస్తే ఇంత పొడుగు ఎడం ఇదే మొదటిసారి, ఆ ఎడానికి నట్టనడుమ అందరి మాటా వినే నూట ఇరవై కూర్చుని ఉంటుంది. ఒక చిన్న గేరు మరిచిపోతే లెక్క మధ్యలో ఎక్కడా ఆగకుండా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి వెళ్ళి పడుతుంది. ఎవరు పెట్టారో ఇలా, అనుకుంది, పెట్టినవాళ్ళకి హాస్యం తెలుసు.

తలుపు కిర్రుమంది. అత్తగారు. చేతిలో మంచినీళ్ళ సీసా, ఇంకో చేతిలో గుడ్డ మూట. వచ్చి స్టూల్ లాక్కుని కూర్చున్నారు. నెల రోజులుగా ఆవిడ ఆమెతో మాట్లాడింది అవసరానికి తప్ప లేదు, ఉప్పు ఎక్కడుంది, తలుపు వేశావా, అంతే. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా. చక్రం విరిగిన రోజు పెద్ద మర ఒకటి గట్టిగా లోతు పెట్టి కోస్తోంది, టక్ మని చప్పుడు, మరో రెండు టక్కులు, లేత్ వణికి ఆగిపోయింది. అత్తగారు అవతల గదిలోంచి పరుగున వచ్చి, ఆమె చెయ్యి చూడలేదు, దెబ్బ తగిలిందా అని అడగలేదు, నేరుగా చక్రం విప్పించి, రాలిన పళ్ళతో సహా గుడ్డలో చుట్టుకుని ఇంటికి పట్టుకుపోయారు, ఎవరికీ చూపించలేదు. మామగారు పోయి రెండేళ్ళవుతోంది, ఆయన చేతి పని అది, మనిషి జ్ఞాపకం, ఏడుపొచ్చి ఉంటుందిలే అని ఆమె సర్దుకుంది. కానీ మనసులో గుచ్చుకుంది. గుచ్చుకోకుండా ఎలా ఉంటుంది, పదమూడేళ్ళుగా తను ఆ మిషన్ల మధ్యే బతుకుతోంది, ఎమ్మెస్సీ లెక్కలు చదివిన చేతికి గ్రీజు అంటుతుందా అని మొదట్లో నవ్విన మనిషే తర్వాత దగ్గరుండి కట్టర్ పదును పట్టడం నేర్పింది, అలాంటి మనిషి ఇప్పుడు ముఖం తిప్పుకుంటే. అత్తగారు మూట ఒళ్ళో పెట్టుకుని గొంతు సవరించుకున్నారు.

“సగం అయిందా?”

“దీనికి సగం ఉండదు అత్తయ్యా.”

వెటకారంగా తీసుకుంటారేమోనని వెంటనే అనిపించింది, కానీ అది నిజం. నూట ఇరవై అయితే అరవయ్యో పన్ను దగ్గర ఆగి మొదటిదానికి సరిగ్గా ఎదురుగా వచ్చిందో లేదో చూసుకోవచ్చు, నలభయ్యో దగ్గర ఒకసారి, ముప్పయ్యో దగ్గర ఒకసారి, దారి పొడుగునా మైలురాళ్ళు. దీనికి సగం లేదు, మూడో వంతు లేదు, ఏ వంతూ లేదు. కోసిన నాలుగు పళ్ళ మీద కొలత పెడితే ఆ నాలుగింటి సంగతే చెబుతుంది, మొత్తం సంగతి చివరి పన్ను వెళ్ళి మొదటి పన్ను పక్కన నిలబడేదాకా ఎవరూ చెప్పలేరు. గంట సేపు నమ్మి నడవాలి, అంతే. ఆమెకు నడవడం ఇష్టమే. కాలేజీలో లెక్కల మేడం ఒకసారి బోర్డు మీద రెండు రాసి, రెండును రెండుసార్లు పెట్టి గుణించి ఒకటి తీసేస్తే మూడు అన్నారు, రెండును మూడుసార్లు పెట్టి గుణించి ఒకటి తీసేస్తే ఏడు, ఏడుసార్లు పెట్టి గుణించి ఒకటి తీసేస్తే నూట ఇరవై ఏడు, అన్నీ లొంగనివే, ఒకదాని కడుపున ఒకటి. నాన్న కుర్చీలు, అని ఆమె క్లాసులో పైకే అనేసింది, అందరూ నవ్వారు. మరి రెండును నూట ఇరవై ఏడుసార్లు పెట్టి గుణించి ఒకటి తీసేస్తే? ముప్పై తొమ్మిది అంకెల సంఖ్య వస్తుంది, పదిహేడు వందల కోట్ల కోట్ల అని మొదలెట్టి మేడం మధ్యలో వదిలేశారు, అది కూడా దేనికీ లొంగదు, కంప్యూటర్లు పుట్టకముందే ఒకాయన ఏళ్ళ తరబడి కూర్చుని కాగితం మీద చేత్తో తేల్చాడట. ఒక్కొక్క సంఖ్యతో భాగించి చూసుకుంటూ పోతే వెయ్యి జన్మలు చాలవు, అందుకని ఆయన వేరే దారి పట్టాడు, ఒక చిన్న సంఖ్యతో మొదలెట్టి దాన్ని దానితోనే గుణించడం, రెండు తీసేయడం, ఆ మహాసంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవడం, మళ్ళీ గుణించడం, అలా నూట ఇరవై ఐదు సార్లు చేస్తే చివర సున్నా రావాలి. సున్నా వస్తే లొంగనిది. మధ్యలో ఏ అంకెను చూసినా ఏమీ తెలియదు, అన్నీ ఒకేలా పిచ్చి అంకెలు, ఆఖరి గుణకారంలో సున్నా పడాలి, పడింది. అప్పుడు ఆయన ఏం చేసి ఉంటాడు, అని ఆమె చాలా రోజులు ఆలోచించింది. అరిచి ఉంటాడా, ఎవరినైనా పిలిచి ఉంటాడా, లేక కాసిని నీళ్ళు తాగి పడుకున్నాడా. ఆ తర్వాతి మెట్టు, ఆ మహాసంఖ్య అన్నిసార్లు రెండును పెట్టి గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది, అది లొంగేదో లొంగనిదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు, దాన్ని రాయడానికి ప్రపంచంలోని కాగితం చాలదు. తెలియకపోయినా అది ఏదో ఒకటి అయ్యే ఉంటుంది కదా, మనం చూడలేదని ఆగదు కదా. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ఎందుకో ధైర్యంగా ఉంటుంది.

హ్యాండిల్. ఎండ ముక్క చెప్పులు దాటి వెళ్ళింది. లొంగని సంఖ్యకు ఇంకో గుణం ఉంది, అది ఎవరినీ వదలదు. నూట ఇరవై పళ్ళ చక్రాన్ని నలభై పళ్ళ చక్రంతో కలిపి తిప్పితే ఈ పన్నుకు ఎప్పుడూ ఆ పన్నే ఎదురొస్తుంది, పెళ్ళిలో పరిచయస్తులే పక్కపక్కన కూర్చున్నట్టు. నూట ఇరవై ఏడుకు అలా కుదరదు, దాని ప్రతి పన్నూ అవతలి నలభై పళ్ళనీ ఒక్కొక్కదాన్నీ పలకరించాకే మళ్ళీ మొదటిదాని దగ్గరికి వస్తుంది, అరుగుదల అందరికీ సమానం, అందుకే ఇలాంటి చక్రాలు ఏళ్ళకేళ్ళు నిలుస్తాయి. అలా నిలవాల్సిన చక్రం మరి ఎందుకు విరిగింది, లోతు కాస్త ఎక్కువ పెట్టిన మాట నిజమే గానీ అంతకంటే లోతు అవతలి లేత్ మీద రోజూ పెడుతుంది. మామగారు ఆ లేత్ మీద ఎవరినీ బరువు పెట్టనిచ్చేవారు కాదు, దానికి ప్రాణం సుకుమారం అనేవారు. ఇనుముకి సుకుమారమేమిటి అని అప్పుడే అడగాల్సింది.

“ఆయన చక్రంలో ఆఖరి పన్ను సన్నం,” అన్నారు అత్తగారు.

ఆమె చెయ్యి హ్యాండిల్ మీద ఆగిపోయింది. అత్తగారు మూట విప్పారు. విరిగిన చక్రం, దాని పక్కన మూడు పళ్ళు, రెండు ఒకే లావు, మూడోది గోరు అరిగిపోయినట్టు. ఆవిడ ఆమె వైపు చూడకుండా ఆ చక్రంతోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడారు. అప్పటికి షాపులో ఈ పక్క గేర్లు లేవు. పళ్ళెం మీద దొరికిన దగ్గరి లెక్కతో కోశారాయన, ఒక్కొక్క పన్నుకీ వెంట్రుకంత తేడా, ఆ వెంట్రుకలన్నీ కలిసి చివరికి ఒక్కదాని నెత్తిన పడ్డాయి. ఆకురాయి పట్టి ఎలాగోలా తిరిగేలా చేశారు. పక్కనే నిలబడి లెక్కపెట్టింది అత్తగారే. ఎవరికీ చెప్పొద్దన్నారు, చెప్పలేదు, కొడుక్కి కూడా.

“విరిగింది నీ చేతిలో గానీ నీ వల్ల కాదు. ఆయన పరువు కాపాడదామని నీ పరువు తీశాను. నెల నుంచీ తిండి సహించట్లేదమ్మాయ్.”

కోపం వచ్చింది. వచ్చిందని ఆమె దాచుకోలేదు, ముఖం వేడెక్కింది, నెల రోజులు రాత్రిళ్ళు ఆ టక్ చప్పుడు చెవిలో మోగుతుంటే లేచి కూర్చున్నది తను, తన చెయ్యి మోటుదైపోయిందా అని వేళ్ళు చూసుకున్నది తను. ఒక్క మాట, ఆ రోజే ఒక్క మాట అంటే పోయేది కదా. అయితే ఆ సన్నటి పన్ను చూస్తుంటే కోపం ఎంతో సేపు నిలవలేదు, పాపం మామగారు, సరైన సామాను లేకుండా ఈ మొండిదానితో తలపడి, ఆఖరి పన్ను దగ్గరికి వచ్చాక అక్కడ చాలినంత చోటు లేదని చూసుకుని ఆ క్షణాన ఆయన గుండె ఎలా జారి ఉంటుందో ఆమెకు తెలుసు, ఇప్పుడు ఈ షాపులో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. అలా నలభై ఏళ్ళు నడిపారు దాన్ని. తక్కువ మనిషా. నీళ్ళు ఇవ్వండి అత్తయ్యా అంది, తాగింది. తాగాక అసలు చిక్కు గుర్తొచ్చింది. చెయ్యి ఆగినప్పుడు హ్యాండిల్ తిప్పిందా, ఇంకా తిప్పలేదా?

ఇదే, ఈ పనిలో అందరూ మునిగేది ఇక్కడే, ఎవరో పలకరిస్తారు, చెయ్యి ఎక్కడుందో మరిచిపోతుంది, కంగారులో ఇంకోసారి తిప్పేస్తారు. ఆమె తిప్పలేదు. బల్లను మెల్లగా ముందుకు నడిపింది. పొడి రాలలేదు, కట్టర్ కోసిన సందులోనే గాలిని కోస్తూ వెళ్ళింది. తిప్పలేదన్నమాట. అయితే ఇప్పుడు తిప్పాలి. తిప్పింది, పిన్ను పడింది, నల్లటి పొడి మళ్ళీ రాలడం మొదలైంది.

కొయ్యని అంచు తరుగుతూ వస్తోంది, నాలుగు వేళ్ళంత, మూడు వేళ్ళంత, ఆమె కొలత పెట్టి చూడలేదు, చూస్తే మారేది కాదు, లెక్క దగ్గరిది కాదు, అసలుది, పళ్ళెం వెనక్కి జరుగుతోంది, మధ్య గేరు దాని చోట ఉంది, నిన్న సాయంత్రం తన చేత్తో బిగించింది. అంచు వేలంత అయింది. తిప్పింది. కోసింది. ఇప్పుడు కొయ్యని చోటంటూ ఏమీ లేదు, చుట్టూ పళ్ళే. మామగారి చక్రం అయితే ఇక్కడ సన్నటిది కనబడేది. ఆమె కళ్ళు అటు పోనివ్వకుండా ఇంకొక్కసారి హ్యాండిల్ తిప్పింది, అవసరం లేని తిప్పు, నూట ఇరవై ఎనిమిదోది, అది వెళ్ళి మొదటి సందులోనే పడాలి. బల్లను నడిపింది. కట్టర్ అటు చెంపనూ ఇటు చెంపనూ తాకకుండా వెళ్ళింది, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్క నలుసు రాలలేదు. మిషన్ ఆపేసింది. ఒక్కసారిగా వచ్చిన నిశ్శబ్దంలో బయట ఎవరో సైకిల్ స్టాండ్ వేసిన చప్పుడు కూడా వినిపించింది. ఆమె అరవలేదు, ఎవరినీ పిలవలేదు, నడుం నొప్పిగా ఉందని అప్పుడు తెలిసింది.

చక్రం విప్పి గుడ్డతో తుడిచి అత్తగారి ఒళ్ళో పెట్టింది. ఆవిడ ఒడి చూసుకోలేదు, మసి అంటుతుందని అనలేదు, బొటనవేలి గోరు పళ్ళ మీద ఆనించి మెల్లగా తిప్పుకుంటూ వెళ్ళారు, ఒక్కొక్కటీ టిక్ టిక్‌మని గోటికి తగులుతోంది, మొత్తం చుట్టు అయిపోయింది. మళ్ళీ తిప్పారు. ఈసారి కళ్ళు మూసుకుని తిప్పారు, సన్నటిది కంటికి దొరక్కపోయినా వేలికి దొరుకుతుందన్నట్టు.

“ఆఖరిది ఏదే?”

ఆమె వంగి చూసింది. మొదలుపెట్టిన చోట సుద్దతో పెట్టిన గుర్తు పొడిలో ఎప్పుడో చెరిగిపోయింది. చుట్టూ ఒకే లావు, ఒకే ఎడం.

“తెలియడం లేదత్తయ్యా,” అంది.

అత్తగారు తల ఊపి, మళ్ళీ మొదటి నుంచి వెతకడం ప్రారంభించారు, మొదలెక్కడో తెలియకుండానే.